కాకి ముట్టిన పేరు

పోయిన నెలలో ధర్మవరం స్టేషన్‌లో బెంచీ మీద నా పక్కన కూర్చున్న ముసలాయన నన్ను ఒక రేకు డబ్బా అడిగాడు. ఇవ్వనన్నాను. మా ఇద్దరికీ మాటల్లేక యాభై ఏళ్లు దాటింది. మళ్లీ కలిసిన మాట అదే, తెగిన మాట కూడా అదే.

ఆ డబ్బాలో ఒక చిన్న ఫిల్ము రీలు ఉంది. అందులో మనుషులెవరూ కనిపించరు. నల్లటి నేల, తెల్లటి గింజలు, కోళ్లు, ఒక కాకి, కొన్ని అక్షరాలు, అంతే. దాన్ని తీసింది నేను. దాన్ని కాల్చాలని చూసింది వాడు. ఇప్పుడు కావాలంటున్నదీ వాడే. అడగడానికి వాడికి నోరెట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి రాత్రి డైరీలో ఆ మాటే రాసుకున్నాను. ఒక్క వాక్యంతో కడుపు నిండలేదు. అందుకని మొదటినుంచీ వరసగా రాస్తున్నాను.

అరవైల మొదట్లో నేను మద్రాసులో సినిమా కెమెరా పని నేర్పే చదువు చదివాను. మాది ధర్మవరం. ఇంట్లో పట్టు మగ్గాలు. మా నాయన, మా తాత, వాళ్ల నాయన, అందరూ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి బతికినవాళ్లే. నేను గుంతలోంచి లేచి మద్రాసు రైలెక్కాను. నాయనకు ఆ చదువు మీద నమ్మకం లేదు. లేదన్న సంగతి దాచే అలవాటూ లేదు.

"నువ్వు నేర్చేదేంది?" అని ఇంటికొచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"బొమ్మ తీసేది, నాయనా."

"బొమ్మ తీసేవాడు హిందూపురంలో ఉండాడు గదా. గుడ్డ కప్పుకుని తీస్తాడు. దానికి మద్రాసు దాకా పోవల్నా?"

ఒక ఏడాది తప్పాను. అప్పటినుంచి ఆయన అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ తూరి గూడా తప్పితే వచ్చి గుంతలో దిగు. నీ మగ్గం నేను ఇంగొకనికి ఇయ్యలేదు." ఖాళీగా ఉన్న ఆ మగ్గాన్ని ఆయన రోజూ దులిపేవాడు. సెలవులకు ఇంటికొస్తే నేను నిద్ర లేచేది ఆ దులిపే చప్పుడుకే.

ఆఖరి పరీక్షగా మాకిచ్చిన పని ఇది. సినిమా మొదట్లో పేర్లు పడతాయి కదా, టైటిల్స్ అంటారు, ఆ భాగాన్ని ఒకటి ఊహించి, కాగితం మీద పథకం వేసి, తీసి చూపించాలి. సినిమా ఉండనక్కర్లేదు, పేర్లుంటే చాలు. వేసవి సెలవుల్లో తీసి, చదువు మళ్లీ మొదలయ్యేనాటికి రీలు ఇవ్వాలి. ఇవ్వనివాళ్లకు పట్టా లేదు. ఇద్దరిద్దరికి కలిపి ఒక కెమెరా, రెండు రీళ్లు ఇచ్చారు.

జతలు కలిపింది మా మాస్టారు. ఆయనకు మద్రాసు దాటితే అంతా ఒకటే ఊరు. "మీరిద్దరూ ఒకే చోటివాళ్లు కదా, కలిసి చేయండి" అని నన్ను వాడితో కలిపాడు. వాడిది పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఒక పల్లె. భూములున్న ఇల్లు. నాది పట్టు పోగు, వాడిది మడక చాలు. ధర్మవరం, పెనుకొండ మధ్య రైలు వేగంగానే పోతుంది. మా మధ్య మాత్రం ఏ బండీ పోలేదు. చేరిన తొలిరోజు నేను ఫిల్ము చుడుతుంటే వాడు అందరూ వినేట్టు అన్నాడు: "కండెలు చుట్టిన చేతులు గదప్పా, రీలు బాగానే చుడతాయి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మీదే నాకు ఇప్పటికీ కోపం.

పథకం నాది. ఇందులో ఎవరికీ వాటా లేదు.

మా వీధిలో బియ్యప్పిండిలో నూకలు కలిసిన ముగ్గులు వేసేవాళ్లు. ముగ్గు వేసి ఆడమనిషి లోపలికి పోగానే కోళ్లు దిగేవి. ముందు చుక్కలు పోయేవి, తర్వాత గీతలు. చూస్తూ ఉండగా నేల బోడిగా మిగిలేది. ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఆ తినడం చూస్తున్నాను. దీన్ని ఫిల్ము మీద తీసి, చివరినుంచి మొదటికి నడిపిస్తే? బోడినేల మీదకి కోళ్లు వెనక్కి నడుస్తూ వస్తాయి. ముక్కు నేలకు ఆనించినప్పుడల్లా ఒక గింజ పెడతాయి. గింజా గింజా కలిసి అక్షరమవుతుంది. కోళ్లు పేరు రాస్తాయి!

నోట్లో వేపపుల్లతోనే లోపలికి పోయి బొమ్మ గీశాను.

ముగ్గుపిండి కెమెరాకు కనిపించదు. రాగులు నల్లన. తెల్లజొన్న అయితే బాగుంటుంది. దానికి నల్లటి నేల కావాలి. పేడలో బొగ్గుపొడి కలిపి అలికిన కళ్లం అయితే సరి. పైనుంచి నిట్టనిలువుగా కిందికి చూస్తూ తీయాలి. చేన్లో పిట్టలను తోలడానికి కట్టే మంచె ఉంటే దాని మీద బోర్లా పడుకుని తీయవచ్చు. ఇంకొక చిక్కు ఉంది. తీసిన ఫిల్మును ఆ చివరనుంచి నడిపిస్తే కదలిక వెనక్కి తిరగడమే కాదు, బొమ్మ కూడా తలకిందులవుతుంది. అందుకని మామూలుగా కెమెరానే తలకిందులుగా బిగించి తీస్తారు. కానీ నేలను పైనుంచి చూసేటప్పుడు కెమెరాను కదిలించనక్కర్లేదు, పేరునే తలకిందులుగా రాస్తే సరిపోతుంది. ఇది వాడికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. "ఎందుకంత తిరకాసు?" అనేవాడు. చివరికి ఒక కాగితం మీద కోడిని గీసి, కాగితాన్ని తిప్పి చూపించాను. "సరే, నీ ఇష్టం. కళ్లం మాది, కోళ్లు మావి" అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

నిజానికి నాకు కావలసినవన్నీ వాళ్ల ఊళ్లో ఉన్నాయి. కళ్లం, కోళ్లు, జొన్నలు, మంచె. ధర్మవరంలో మా వీధి వెడల్పు పట్టు పడుగు చాపినంతే. గత్యంతరం లేక పెనుకొండలో దిగి వాళ్ల ఊరికి పోయాను.

వాళ్ల నాయన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాణ్ణి కాకుండా వాడి వెనక ఉన్న గోడను చూసేవాడు. మా పథకం విని గోడతోనే అన్నాడు:

"మా కళ్లంలో తీస్తారు. మా గింజలు, మా కోళ్లు. పేరెవరిది?"

"సినిమా పేరొకటి, తీసినవాళ్లం మా ఇద్దరి పేర్లు, అయ్యా" అన్నాను.

"నా పేరు?"

వాడు వెంటనే అందుకున్నాడు. "సినిమాల్లో 'సమర్పణ' అని ఏస్తారు నాయనా. పెద్దోళ్ల పేరు ముందర పడుతుంది. మీ పేరే ఏస్తాం."

నన్నొక మాట అడగలేదు. ఆయన పేరు చిన్నది కాదు. ఇంటిపేరు, పేరు, చివర కులం తోక, అన్నీ కలిపి కళ్లానికి ఈ మూలనుంచి ఆ మూల దాకా వస్తుంది. ఆ పేరుకే సగం రీలు పోతుంది. "కొంచెం తగ్గించవచ్చా, తోక తీసేస్తే..." అన్నాను. ఆయన అప్పుడు మొదటిసారి నన్ను చూశాడు.

"యాడోడురా ఈడు?"

"ధర్మవరమోడు, నాయనా. సాలెవాళ్లు."

"అదీ సంగతి. పోగు తెంపడం తెలిసినోడు పేరు గూడా తెంపుతా అంటాండాడు."

పేరు పూర్తిగా రాయడానికే ఒప్పుకున్నాను. మగ్గం దులిపే చప్పుడు చెవిలో ఉన్నవాడు దేనికైనా ఒప్పుకుంటాడు.

ఆ ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. ఆయన తల్లి. నడుం వంగిపోయిన అవ్వ. కళ్లంలో నేను పేడ కలుపుతుంటే గోడ నీడన కూర్చుని చూసేది. "చదువుకున్నోడివి, పేడ పిసుకుతావేందిరా నాయనా? మీ అమ్మ చూస్తే ఏడుస్తాది" అనేది. ఆ ఇంట్లో నన్ను మనిషిలా పలకరించింది ఆమె ఒక్కతే. తర్వాత జరిగింది ఆమె వల్లనే జరిగింది. అయినా ఆమె మీద నాకు కోపం లేదు. మిగిలినవాళ్లకు ఆ మినహాయింపు లేదు.

కోళ్లతో పని అనుకున్నంత సులువు కాలేదు. మొదటి ప్రయత్నంలో అవి తినడానికి ముందు కాళ్లతో కెలికాయి. అక్షరాలు చెదిరి గింజలన్నీ కుప్పలయ్యాయి. దాన్ని తిరగేస్తే తెర మీద కనిపించేది రాత కాదు, గొడవ. అదృష్టం ఏమంటే, ఆ తూరి కెమెరా ఆడించలేదు, అలవాటు చేయడానికే వదిలాం. మర్నాడు నేల తడిగా ఉండగానే గింజలను సగం లోపలికి వేలితో నొక్కాను. ఆరాక అవి పంటిలా పట్టుకున్నాయి. కెలికితే కదలవు, పొడిస్తే ఊడుతాయి. కోళ్లను ముందురోజు సాయంత్రంనుంచి గంపల కింద పస్తుంచాం. ఒక పుంజు మాత్రం గింజ మానేసి పెట్టల వెంట పడేది. దాన్ని వాడు చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. వాడు చేసిన పని ఇదే. నాకు వాడి మీద ఎంత కోపమున్నా, పుంజును బాగానే పట్టుకున్నాడని ఒప్పుకుంటాను.

తీసేది పొద్దున్నే. ఎండ నెత్తిమీదికొస్తే మంచె నీడ అక్షరాల మీద పడుతుంది. ఏటవాలు ఎండలో ఒక్కో గింజకు ఒక్కో చిన్న నీడ వచ్చి అక్షరం బరువుగా కనిపిస్తుంది.

మొదటి పొద్దున సినిమా పేరు తీశాం. బాగా వచ్చింది. రెండో పొద్దున పెద్దాయన పేరు. చూడడానికి ఆయనా వచ్చాడు, ఊళ్లో సగం మందీ వచ్చారు. అవ్వ తన గోడ దగ్గరే ఉంది. ఆయన పేరు చుట్టూ తిరిగి చూశాడు.

"తలకిందులు రాసినాడే!"

"తెర మీద సరిగ్గా పడుతుంది, అయ్యా."

"ఇప్పుడు తలకిందులుండాదా లేదా?"

"ఉంది."

"అదే అడిగేది."

మంచె మీద బోర్లా పడుకుని కెమెరాకు స్ప్రింగు చుట్టాను. రీలు చాలాలి కాబట్టి ముక్కలు ముక్కలుగా తీయాలి. కొంచెం ఆడించి, ఆపి, అవి ఇంకొంచెం తిన్నాక మళ్లీ ఆడించి. గంపలెత్తారు. కోళ్లు ఇంటిపేరు మీద పడ్డాయి. ఊరివాళ్లు నవ్వారు. "ఇంటిపేరు పాయె!" అని ఒకడన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు, తన కోళ్లు తన పేరు తింటున్నాయి కదా అని. ఇంటిపేరు అయిపోయింది. చివరనుంచి కులం తోక అయిపోయింది. నడుమ పేరు మాత్రం సగం మిగిలింది. కోళ్ల కడుపు నిండి పక్కకు పోతున్నాయి.

అప్పుడు ఒక కాకి దిగింది.

నేను దాన్ని పిలవలేదు. పథకంలో కాకి లేదు. అది కళ్లం నడుమ వాలి, తల ఒకవైపు వంచి చూసి, మిగిలిన అక్షరంలోంచి ఒక గింజ పొడిచింది. కెమెరా కంటిలోంచి చూస్తున్నాను. తెల్లటి గింజల నడుమ నల్లటి కాకి, దాని పక్కన దాని నీడ. ఇంత మంచి బొమ్మ నేను పథకం వేసినా దొరికేది కాదు. వేలు తీయకుండా ఆడించాను. ఇంకొకటి పొడిచింది, ఇంకొకటి. లోపల రీలు అయిపోయిన చప్పుడయింది. అదే సమయానికి గోడ దగ్గరనుంచి అవ్వ కేక.

"కాకి ముట్టెనే! అయ్యో, నా కొడుకు పేరు కాకి ముట్టెనే!"

నవ్వులాగిపోయాయి. అవ్వ నేల మీద చెయ్యేసి లేస్తూ అరుస్తోంది. "బతికుండంగానే నా బిడ్డకు పిండం పెడ్తిరి గదరా! పేరు జెప్పి గింజలేస్తిరే! కాకికి పెడ్తిరే!"

ఆ మాట అన్నాక గాని ఎవరికీ అట్లా కనిపించలేదు. అన్నాక ఇంక వేరేగా ఎవరికీ కనిపించలేదు. చచ్చినవాడి పేరు చెప్పి మెతుకులు పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చేతులు కట్టుకుని నిలబడే మనుషులు అందరూ. ఇప్పుడు బతికున్న మనిషి పేరు చుట్టూ అట్లాగే నిలబడి ఉన్నారు. కాకి వచ్చింది, ముట్టింది. అదీ ఆయన కళ్ల ముందు, తలకిందులుగా రాసిన పేరును.

పెద్దాయన మొహం చూశాను. భయం. అంత మనిషిలో అంత భయం ఉంటుందని ఆయనకు కూడా అప్పుడే తెలిసినట్టుంది. తెలిసినందుకు కోపం వచ్చింది.

"దించండిరా వాణ్ణి!"

వాళ్లు మంచెక్కేలోపు నేను నా పని చేశాను. రీలు అయిపోతే వెంటనే మార్చాలి అన్నది నాకు చేతికే వచ్చిన అలవాటు. ఫిల్ముకు వెలుతురు తగలకుండా, మంచె మీద పరుచుకున్న కంబళి కప్పుకుని, అయిపోయిన రీలు తీసి డబ్బాలో పెట్టి, డబ్బా నా చేతిసంచిలో వేసి, రెండో రీలు కెమెరాలోకి ఎక్కించాను. అది మా ఇద్దరి పేర్లు తీయడానికి ఉంచుకున్న రీలు. అందరూ కేకలు వేస్తుంటే ఇదంతా చేశావా అని ఎవరైనా అడిగితే, అవును, కేకలు విని చేయడం మర్చిపోయుంటే నేను ఇప్పుడు పట్టు నేస్తూ ఉండేవాణ్ణి.

దించి కళ్లంలో నిలబెట్టారు. చొక్కా పట్టుకున్నవాడు ఒకడు, తిట్టేవాళ్లు మిగతావాళ్లు.

"ఎవురు చెప్పి చేయించినార్రా నీతో?"

"కాకి వస్తుందని నాకేం తెలుసయ్యా?"

"గింజలేస్తే కాకి రాక గరుత్మంతుడొస్తాడా?" అని గుంపులోంచి ఎవడో. ఆ మాటకు ఇంకో రోజయితే నేనే నవ్వేవాణ్ణి.

పెద్దాయన నన్ను వదిలి కొడుకు వైపు తిరిగాడు. "ఆ పెట్టెలో పడిందా అది? కాకి తినేది?"

"పడింటుంది నాయనా."

"కాల్చు."

నేను వాడి వైపు చూశాను. మూడేళ్లు నాతో చదివినవాడు. రీలు పోతే నాకేమవుతుందో తెలిసినవాడు. ఆ మగ్గం సంగతి హాస్టల్లో వాడికి నేనే చెప్పాను. ఒక్క మాట అనొచ్చు: 'నాయనా, ఇది పరీక్ష.' ఒక్క మాట. వాడు పుంజును కింద వదిలేసి, కెమెరా మూత తీసి, ఎండలో ఫిల్మును బారలు బారలుగా లాగాడు. పొయ్యి దగ్గరికి తీసుకుపోయి నిప్పులో వేశాడు. అది భగ్గుమనలేదు. ముడుచుకుని, కరిగి, కంపు కొట్టింది. అవ్వ ఆ పొగ వైపు చెయ్యెత్తి దండం పెట్టింది.

వాడు కాల్చింది ఖాళీ రీలు. వాడి పేరూ నా పేరూ పడవలసిన రీలు. నేను నోరు తెరవలేదు.

"పో" అన్నాడు పెద్దాయన. కెమెరా సర్దుకుని, సంచి భుజాన వేసుకుని పోయాను. పెనుకొండ దాకా నడిచాను. సంచిలో డబ్బా నడుముకు తగులుతూ ఉంది.

బస్టాండులో నిలబడి ఆలోచించాను. వాడు నాకంటే తెలివితక్కువవాడు గాని తెలివిలేనివాడు కాదు. మంచె మీద రెండో రీలు డబ్బా ఖాళీగా పడి ఉంది. దాన్ని చూస్తే కెమెరాలో ఉన్నది ఏదో తెలిసిపోతుంది. తెలిస్తే నాకోసం ధర్మవరం పోతాడు, ఎందుకంటే నేను ఇంటికే పోతానని అనుకుంటాడు. అందుకని హిందూపురం బస్సెక్కాను. అక్కడినుంచి బెంగుళూరు మీదుగా మద్రాసు పోవచ్చు.

నా లెక్క తప్పింది. వాడు కూడా నా గురించి నాలాగే ఆలోచించాడు. హిందూపురం స్టేషన్‌లో బెల్లం మూటల పక్కన కూర్చుని ఉంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మోటారు సైకిల్ మీద వచ్చినట్టున్నాడు, కనుబొమల దాకా దుమ్ము.

"ఇయ్యప్పా."

"ఏంది?"

"నాతో నాటకాలాడొద్దు. డబ్బా."

సంచి లాక్కున్నాడు. నేను లేచేలోపు డబ్బా వాడి చేతిలో ఉంది. మూత చుట్టూ నేను అతికించిన పట్టీ గోటితో పీకుతున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండ. మూత తీస్తే అంతే, ఒక్క క్షణం చాలు. ప్లాట్‌ఫారం మీద జనం మమ్మల్ని చూస్తున్నారు. కొట్లాడితే వాడు నాకంటే బలవంతుడు. బతిమాలడం నాకు రాలేదు, అప్పటికి లోపల బతిమాలే మనిషి కాలిపోయాడు.

"తియ్" అన్నాను. "తీసే ముందర ఒకటి విను. పొద్దున కాకి తినింది. మీ ఊరంతా చూసింది. అది అయిపోయింది. దాన్ని నువ్వు ఏ పొయ్యిలో పెట్టినా తినింది తిననట్టు కాదు."

"నోర్ముయ్."

"ఈ డబ్బాలో ఉండేది ఒకటే. అది తిరగబడేది. తెర మీద ఆ కాకి వచ్చి గింజ తినదు, పెడుతుంది. తిన్న గింజలన్నీ తెచ్చి మీ నాయన పేరు నిలబెట్టి పోతుంది. లోకంలో ఎవురి పిండమూ కాకి వాపసు ఇయ్యలేదు. మీ నాయనకిస్తుంది. తియ్యి మూత. తీసినావంటే తినింది తిన్నట్టే ఉండిపోతుంది. నువ్వే ముట్టించినట్టు."

నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. కాకి కాకే. కానీ వాడికి నమ్మకం ఉంది, ఉందని నాకు తెలుసు. వాడి గోరు పట్టీ మీద ఆగింది. ఆ గోరు వైపే చూస్తూ నిలబడ్డాను. సగం ఊడిన పట్టీని వాడు బొటనవేలితో మళ్లీ నొక్కాడు.

"నువ్వు మనిషివేనా?" అన్నాడు.

డబ్బాను నా ఒళ్లోకి విసిరి పోయాడు.

మద్రాసులో ఫిల్ము కడిగించి, తిరగేసి అతికించి, ఇవ్వవలసిన నాటికి ఇచ్చాను. మాస్టారు అందరి ముందు ఆడించాడు. వాడు వెనక బెంచీలో కూర్చున్నాడు. తెర మీద నల్లటి నేల, నడుమ సగం పేరు, దాని పక్కన కాకి. అది ముక్కు వంచి ఒక గింజ పెట్టింది, తల వంచి చూసుకుంది. ఇంకొకటి పెట్టి, వెనక్కి ఎగిరిపోయింది. తర్వాత కోళ్లు వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి మిగతా పేరంతా రాశాయి. తోకతో సహా. గదిలో చప్పట్లు. మాస్టారు దీపం వేసి అడిగాడు:

"చాలా బాగుంది. తీసినవాళ్ల పేర్లేవీ?"

"కాలిపోయాయి సార్" అన్నాను.

వెనక్కి తిరిగి చూశాను. వాడు తల ఎత్తలేదు. బయటికొచ్చాక నా భుజం రాసుకుంటూ పోతూ అన్నాడు: "కళ్లం మాది, కోళ్లు మావి, పేరు మా నాయనది. నీదేముండాది అందులో?"

ఇద్దరికీ పట్టా ఇచ్చారు. రీలు మాత్రం నాకే ఇచ్చారు, ఇచ్చిన కాగితం మీద సంతకం నాది కాబట్టి. నాయన నా మగ్గాన్ని మా చిన్నాయన కొడుక్కి ఇచ్చాడు. నేను గెలిచానని ఆయన ఏనాడూ అనలేదు, గుంతలో దిగమని కూడా మళ్లీ అనలేదు.

పెద్దాయన ఆ తర్వాత రెండో వానకాలంలో పోయాడు. కామెర్లు. పెనుకొండనుంచి చీరలకు వచ్చేవాళ్లు ధర్మవరం దాకా మోసుకొచ్చిన మాట ఏమంటే, పెద్దకర్మనాడు కాకి ముట్టలేదట. ఎంతసేపు నిలబడినా రాలేదట. ఎందుకు రాలేదంటే, అది ముందే తినింది, ధర్మవరం సాలెవాడు పెట్టినాడు అని. ఆ మాట పుట్టించింది వాడేనా అని చాలా ఏళ్లు అనుకున్నాను. కాకపోయినా, కాదని చెప్పగలిగినవాడు వాడొక్కడే. చెప్పలేదు. ఆ ఊరి దారిలో నేను మళ్లీ కాలు పెట్టలేదు. పెళ్లిళ్లకు పిలుపులొచ్చినా పోలేదు. హిందూపురంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు పెనుకొండలో ఆగితే కిటికీలోంచి తల లోపలికి పెట్టుకునేవాణ్ణి. తెలిసినవాడు ఎక్కి, ఇదిగో పిండం పెట్టినోడు అంటాడేమోనని.

ఇప్పుడు స్టేషన్ సంగతి.

ముందు గుర్తుపట్టింది వాడే. చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, పలకరింపు లేకుండా,

"ఆ రీలు ఉండాదా?" అన్నాడు.

"ఉండాది."

"మా మనవడు ఇట్లాంటివన్నీ టీవీలో పడేట్టు చేస్తాడు. మా నాయన ఫోటో ఒక్కటి గూడా ఇంట్లో లేదు. అంతా చెదలు తినింది. పేరన్నా చూస్తారు పిల్లోళ్లు."

"ఆ పొద్దు పొయ్యిలో ఏసింది ఎవురో పిల్లోళ్లకు తెలుసునా?"

వాడు కర్ర చివరతో నేల మీద గీకాడు.

"కాకి యాల ముట్టలేదో మీ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారంట గదా. తెలుసునా పిల్లోళ్లకు?"

"పాత మాటలు ఇప్పుడెందుకప్పా?"

"రీలు గూడా పాతదే." నా బండి వస్తున్నట్టు గంట కొట్టారు. సంచి భుజాన వేసుకుని లేచాను. "మీ మనవడి ముందర, మీ ఊరోళ్ల ముందర, నేనే కాల్చినా, వాడు పిండం పెట్టలేదు, కాకి దానికదే వచ్చింది అని చెప్పు. నేనూ వచ్చి వింటా. ఆ పొద్దు డబ్బా తెచ్చి నీ చేతిలో పెడతా."

వాడు కర్ర మీద రెండు చేతులూ పెట్టి నన్ను చూశాడు. హిందూపురం స్టేషన్‌లో 'నువ్వు మనిషివేనా?' అన్నప్పుడు చూసిన చూపే.

"అంత పగా?" అన్నాడు.

"అంతే" అని బండెక్కాను.

ఇంటికొచ్చి బీరువా తెరిచి చూశాను. డబ్బా ఉంది. మూత చుట్టూ ఉన్నది, మద్రాసులో పీకి నేనే మళ్లీ అతికించిన ఆ పాత పట్టీ, దాని అంచు మీద ఒక గోటి నొక్కు ఇంకా ఉంది. వాడు చెప్పడు. నేను ఇవ్వను.